పొరకదెబ్బల కేసు

మునిరామయ్యకు ఉన్నవి రెండే నిష్ఠలు. ఒకటి శనివారం ఒక్కపొద్దు, రెండోది డిటెక్టివ్ నవల. తిరుపతిలో బియ్యం మండీ నడుపుతూనే పైన మిద్దెలో వీడియో అంగడి పెట్టాడు. పెండ్లిండ్లకు కెమెరా పంపేవాడు, క్యాసెట్లు అద్దెకిచ్చేవాడు. అంగడికి రెండేళ్లు నిండిన ఎనభై ఆరో సంవత్సరంలో ఆయనకొక ఆలోచన పుట్టింది. తెల్లవాళ్ల కాలంలో మన చుట్టుపక్కల జరిగి, చేసింది ఎవరో తేలకుండా పోయిన హత్యలను గంటసేపటి టీవీ నాటకాలుగా తీయించి పోటీ పెట్టాలి. గెలిచిన క్యాసెట్టును తానే హైదరాబాదుకు మోసుకుపోయి టీవీ వాళ్లకు చూపిస్తాడు. వాళ్లకు నచ్చితే ఊరూరా కనిపిస్తుంది.

"తేలని హత్యలే ఎందుకబ్బా?" అని అడిగాను.

"తేలినవాటిలో ఏముండాది అయివోరా? ఉరేసినారు, అయిపోయింది. తేలనిదైతే మనమే తేల్చుకోవచ్చు" అన్నాడు.

కాలేజీలో ముప్పై ఏళ్లు చరిత్ర చెప్పి రిటైరయిన పాపానికి నన్ను న్యాయనిర్ణేతను చేశాడు. నాతో పాటు ఇంకో ఇద్దరు. చిత్తూరులో పోలీసు ఇన్‌స్పెక్టరుగా పదవీ విరమణ చేసిన ఏకాంబరం ఒకరు. రాజమండ్రి నుంచి ఇక్కడికి కోడలుగా వచ్చి, ఆడపిల్లల హైస్కూలుకు హెడ్‌మిస్ట్రెస్‌గా చేసి, ఏటా పిల్లల చేత నాటకాలు వేయించిన నిర్మలమ్మ మరొకరు. కథకు పాతిక, నటనకు పాతిక, మాటలకు పాతిక, చిత్రీకరణకు పాతిక అని మునిరామయ్య గళ్లు గీసిన కాగితాలు ఇచ్చాడు. ఏకాంబరం తన కాగితంలో అయిదో గడి తానే గీసుకుని, దాని నెత్తిన 'కేసు' అని రాసుకున్నాడు.

"ఇదేమిటండీ?" అంది నిర్మలమ్మ.

"కేసు నిలబడతాదా లేదా అని మేడమ్. కోర్టుకు పోతే నిలబడని కేసుకు నేను మార్కులెయ్యను."

ఇరవై నాటకాలు వస్తాయనుకుంటే మూడు వచ్చాయి. మునిరామయ్య వాటి పేర్లతో కరపత్రం అచ్చేయించి చుట్టుపక్కల ఊళ్లలో అంటించాడు. ఒక బుధవారం పొద్దున్నే అంగడి వెనక గదిలో టీవీ ముందు కూర్చున్నాం. మొదటిది పాకాల జంక్షన్లో రైలు పెట్టెలో దొరికిన ట్రంకు పెట్టె కథ. ట్రంకు తెరవగానే ఏకాంబరం ముందుకు వంగి చూశాడు.

"శవం ఊపిరి పీలుస్తా ఉండాది సార్."

రెండోది ఒక జమీందారు ఇంట్లో పాయసంలో కలిపిన విషం. విషం తిన్న పెద్దమనిషి పద్యం పాడి, ముగ్గురు కొడుకులకూ బుద్ధులు చెప్పి, ఇంకా పోలేదు.

"ఇంతసేపు మాట్లాడరు మేడమ్. నేను చూసినా గదా. వాళ్లకు నీళ్లు అడిగేదానికే టైము చాలదు."

"పాపం, కష్టపడి కంఠస్థం చేశాడండీ. చెప్పనివ్వండి" అంది నిర్మలమ్మ.

మూడో నాటకం తీసిన పిల్లవాడు గదిలోనే వెనక కూర్చుని ఉన్నాడు. తీసినవాళ్లు రావచ్చని కరపత్రంలోనే ఉంది. గూడూరు అతనిది. పేర్లు పడేచోట 'దర్శకత్వం: పి. కుమార్' అని వేసుకున్నాడు గానీ, దరఖాస్తులో తల్లి పెట్టిన పేరు పెంచలయ్య అని ఉంది. హైదరాబాదులో కెమెరా పని నేర్చుకుని వచ్చాడు. నాటకం పేరు 'వేపకండ్రిగ హత్య'.

ఆ పేరు నాకు కొత్త కాదు. వేపకండ్రిగ మా ఊరికి పొరుగూరు, వడమాలపేట దగ్గర. ఆ హత్య జరిగిన ముప్పై ఆరులో నాకు పదేళ్లు. ఆ ఊరి ధర్మరాజుల గుడి ముందు పద్దెనిమిది రోజులు భారతం జరిగేది. పగలు హరికథ, రాత్రి వీధినాటకం, చివరి రోజు పొద్దున దుర్యోధన వధ. ఆ ఏడు దుర్యోధనుడి వేషం వేసిన చిన్నబ్బ అనే ఇరవై రెండేళ్ల మనిషి మర్నాడు, ఒకప్పుడు ఎద్దులతో నీళ్లు తోడిన పాడుబడిన కపిలబావిలో శవమై తేలాడు. తల పగిలి ఉంది, తొడ విరిగి ఉంది. భీముడి వేషం వేసిన కుప్పయ్యను పోలీసులు పట్టుకుపోయారు. పద్నాలుగు నెలలు జైల్లో పెట్టి, సాక్ష్యం చాలదని కోర్టు వదిలేసింది. 'భీముడు నిజంగానే చంపేసినాడంట' అని మేం పిల్లలం చెప్పుకుని భయపడేవాళ్లం.

పెంచలయ్య క్యాసెట్టు తీసి మునిరామయ్య చేతికి ఇస్తుండగా మెట్ల మీద అడుగుల చప్పుడైంది. అరవై అయిదు దాటిన ఒక ముసలామె వచ్చి గడప అవతల నిలబడింది. చేతిలో నాలుగు మడతలు పెట్టిన కరపత్రం.

"ఈడేనా సామీ, మా ఊరి హత్య టీవీలో చూపించేది?"

నేను గుర్తుపట్టాను. కుప్పయ్య భార్య మునెమ్మ.

"నువ్వా మునెమ్మా? ఎట్లా తెలిసింది?"

"ఏం అయివోరా, నువ్వూ ఈడనే ఉండావా? వడమాలపేట టీ అంగట్లో ఈ కాయితం అంటించినారు. మా ఊరిపేరు ఉండాదని మావోళ్లు చదివినారు. నేను పెరుక్కోని బస్సెక్కినా."

నిర్మలమ్మ నా వైపు చూసింది. ఈమె ఎవరో చెప్పాను. పెంచలయ్య క్యాసెట్టును సగం ఇచ్చి ఆగాడు. ఆ హత్యకు సంబంధించిన మనుషులు ఇంకా బతికి ఉండి బస్సెక్కి వస్తారని అతను అనుకున్నట్టు లేదు.

"ఆపమని అడగడానికి వచ్చారా అమ్మా?" అంది నిర్మలమ్మ.

"ఆపేదెందుకు తల్లీ? చూసేదానికి వచ్చినా." గడప దాటి లోపలికి వచ్చి నేల మీదే కూర్చుంది. "మా ఇంటాయన ఆ పని చేసినాడో లేదో నాకు తెలీదు. జైలు నుంచి వచ్చినాక ఆయన పొయ్యేదాకా ఇరవై ఆరేండ్లు ఒకే ఇంట్లో ఉంటిమి. నేను అడగలా. ఆయన చెప్పలా. పోలీసోళ్ల కాడ ఏందో గట్టి సాక్ష్యం ఉండాదని ఊర్లో గుసగుసలాడుకుంటా ఉండిరి. ఆ గట్టిది ఏందని అడిగితే ఎవురూ నోరు తెరవలా. మా మామ అయితే, నువ్వు అడగొద్దు, మేము చెప్పం అన్నాడు. ఇప్పుడు వీళ్లు పాత కాయితాలు దీయించి చూసినారని దీంట్లో అచ్చేసి ఉండాదంట గదా. చేసినాడంటే చేసినాడు. నేను పొయ్యేలోపల నాకు తెలియాల."

మునిరామయ్య కరపత్రం చూపించాడు.

"రూల్సు ప్రకారం బయటివాళ్లు..."

"ఊరుకో అప్పా" అన్నాడు ఏకాంబరం. "కోర్టులోనే జనాన్ని కూర్చోబెడతారు. నీ బియ్యం మండీకి గూడా రూల్సు వచ్చినాయా? క్యాసెట్టు వెయ్."

ఆ పిల్లవాడికి పని తెలుసు. మొదటి నిమిషంలోనే తెలిసిపోయింది. ఎండ, కపిలబావి గిలక, నీళ్ల వంతు దగ్గర ఇద్దరు మగవాళ్లు ఒకరినొకరు చూసుకునే చూపు. మొదటి రెండు నాటకాలు నాటకాలు. ఇది మాత్రం కిటికీలోంచి చూస్తున్నట్టుంది. ఒకటే వెలితి. భారతం లేదు. చిన్నబ్బా కుప్పయ్యా వేషగాళ్లని ఎక్కడా లేదు. నీళ్ల తగాదాతోనే కథ నడిపాడు. నేను కాగితం మీద 'భారతం ఏదీ?' అని రాసుకున్నాను.

మునెమ్మ మోకాళ్లు చేతులతో చుట్టుకుని చూస్తూ ఉంది.

"ఆ మీసాలోడు ఎవురు?"

"కుప్పయ్యమ్మా" అన్నాను.

"మా ఆయనకు మీసం యాడిది? మూతి మీద నాలుగెంట్రుకలు మొలిచేవి కావు. భీముడి ఏషానికి గుర్రపెంట్రుకలు కట్టుకుంటా ఉండె." కాసేపాగి, "ఆ ఎర్రచీర బిడ్డ?"

"అది... నువ్వే."

"నేనా? అంత తెల్లగానా?" అని నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. నిర్మలమ్మకూ నవ్వాగలేదు. వెనక కుర్చీలో పెంచలయ్య మాత్రం నవ్వలేదు.

తర్వాత నవ్వే వీల్లేకపోయింది. తెర మీద తెల్లవారింది. బావిలోంచి శవాన్ని తీశారు. జనం మూగారు. కుప్పయ్య ఇంటి వాకిట్లో నిలబడి ఉన్నాడు. లోపల్నుంచి ఎర్రచీర పిల్ల వచ్చింది. చేతిలో వాకిలి ఊడ్చే పొరక. ఒక్క మాట లేకుండా మొగుడి ముందు నిలబడి, కొట్టింది. భుజం మీద, వీపు మీద, ఊరంతా చూస్తుండగా. అతను చెయ్యి అడ్డం పెట్టలేదు. అప్పుడు ఆ పిల్ల గొంతు పగిలింది.

"చంపితివి గదరా పాపీ! తొడ ఇరగ్గొట్టి చంపితివి! నా కండ్లముందరనే చంపితివి!"

కెమెరా ఆ పిల్ల మొహం మీద ఆగింది. నిర్మలమ్మ కళ్లు తుడుచుకుని నటన గడిలో ఏదో గట్టిగా రాసింది. ఏకాంబరం పెన్ను ఆగిపోయింది. సాక్షాత్తూ కట్టుకున్న భార్య, కళ్లారా చూశానని ఊరందరి ముందు చెప్పింది. ఇంక తేలనిదేముంది?

అప్పుడు నేల మీది నుంచి ఇంకో గొంతు వచ్చింది. మెల్లగా, రాగం తీస్తూ.

"నూరుమంది బిడ్డల్ని కంటిని గదరా... నూట్లో ఒక్కణ్ణన్నా నాకు ఇడవకపోతివి గదరా..."

మునెమ్మ తెర వైపే చూస్తోంది. పెదవులు వాటంతట అవే కదులుతున్నట్టున్నాయి.

"ఆపప్పా" అన్నాడు ఏకాంబరం. మునిరామయ్య మీట నొక్కాడు. ఆ పిల్ల మొహం తెర మీద వణుకుతూ నిలబడిపోయింది.

"ఏమంటివి అవ్వా? ఇంకోసారి చెప్పు."

"ఆ బిడ్డ సగమే చెప్పింది సామీ. మిగిలింది నేను చెప్తి. ఆ మాటలు గాంధారివి."

చిన్నప్పుడు నాయన భుజాల మీద కూర్చుని నేనూ చూశాను. మిట్ట మీద ముప్పై అడుగుల మట్టి దుర్యోధనుడు వెల్లకిలా పడుకుని ఉంటాడు. భీముడు వాడి తొడ మీద గదతో కొడితే లోపల పూడ్చిన కుండ పగిలి ఎర్రనీళ్లు చిమ్ముతాయి. అప్పుడు మొక్కుకున్న ఆడమనిషి ఒకతె గాంధారి అయి, ఒక చేత్తో పొరక, ఇంకో చేత్తో చాట పట్టుకుని ఏడుస్తూ వస్తుంది. కొడుకును చంపిన భీముణ్ణి మిట్ట చుట్టూ తరిమి తరిమి కొడుతుంది. ఆ దెబ్బలు తగిలితే పీడ పోతుందని జనం తామూ వీపులు చూపిస్తారు. అంతా నాకు తెలిసిందే. అయినా ఇంటి వాకిలి, ఎర్రచీర, పంచె కట్టుకున్న మొగుడు కనిపించేసరికి ఆనవాలు పట్టలేకపోయాను.

"ఆ ఏడు గాంధారి నువ్వా మునెమ్మా?"

"నేనే. నాకు పదహారేండ్లు. పెండ్లయి ఏడాదైనా కడుపు పండలేదని మా అత్త మొక్కించింది. భీముడేమో నా మొగుడే. పొరకతో మొగుణ్ణి కొట్టే భాగ్యం ఎవురికొస్తాదే అని ఊర్లో ఆడోళ్లంతా ఎగతాళి. నేను సిగ్గుతో చస్తా ఉంటే ఆయనే అన్నాడు, గట్టిగా కొట్టు, లేకపోతే మొక్కు చెల్లదు అని. కొడితిని. ఏడిస్తిని. మర్నాడు తెల్లారితే నిజంగానే చిన్నబ్బ..."

ఏకాంబరం వెనక్కి తిరిగాడు. "ఏమయ్యా కుమారూ, నీకాడ ఉండే కాయితాలు ఇట్లా తే."

పెంచలయ్య సంచిలోంచి టైపు చేసిన నకళ్లు తీశాడు. పాత రికార్డు గదిలో నెలరోజులు తిరిగి సంపాదించినవి. ఏకాంబరం కళ్లద్దాలు పెట్టుకుని, మడతపెట్టిన మోకాలు మీద కాగితాలు పరుచుకుని, చదివే మనిషిలా కాకుండా వెతికే మనిషిలా చదివాడు. అయిదు నిమిషాలు.

"రాసినాయన సముద్రం పక్క జిల్లావోడు. కొత్తగా వచ్చినాడు. ముగ్గుర్ని అడిగినాడు, 'ముద్దాయి భార్య అతన్ని పొరకతో కొట్టి, నువ్వే చంపావు, నా కళ్లముందే చంపావు అని బహిరంగంగా అన్న మాట నిజమేనా?' అని. ముగ్గురూ, 'నిజమే దొరా, మేం చూసినాం, విన్నాం' అన్నారు. అంతే."

"అది గాంధారి వేషమని ఎందుకు చెప్పలేదండీ?" అంది నిర్మలమ్మ.

"అడగలేదు గదా మేడమ్" అన్నాను నేను. "పోలీసు ముందు అడిగిందానికి అవునో కాదో చెప్పాలని మా వాళ్లకు తెలుసు. అడగనిది చెబితే ఎక్కడ తగులుకుంటుందోనని భయం. ఆపైన, భారతం చూడని మనిషి ఒకడు లోకంలో ఉంటాడని వాళ్ల ఊహకే తట్టి ఉండదు."

"అది సరే" అన్నాడు ఏకాంబరం. "తేదీ చూడు. ఈమె కొట్టింది పదో తేదీ పొద్దున. శవం దొరికింది పదకొండు. ముందురోజే 'చంపితివి' అని ఎట్లా అంటాది? నీకు అనుమానం రాలేదా అబ్బీ?"

పెంచలయ్య తల వంచుకున్నాడు. "వచ్చింది సార్. రాసినాయన తేదీ తప్పేసినాడనుకున్నా. నాటకంలో... సరిదిద్దినాను."

"సరిదిద్దినావు!" ఏకాంబరం కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. "జడ్జి ఆ తేదీ చూసే కొట్టేసి ఉంటాడు. ఆయన కొట్టేసిన కేసును నువ్వు యాభై ఏండ్లకు గెలిపించినావు గదరా!"

మునెమ్మ ఈ మాటలేవీ విన్నట్టు లేదు. ఏకాంబరం మోకాలి మీది కాగితాలనే చూస్తోంది.

"ఇంకేముండాది సామీ దాంట్లో?"

"ఇంకేం లేదవ్వా. బావి కొలతలు, శవం గాయాలు, నీళ్ల తగాదా."

"నీళ్ల తగాదా ఊర్లో అందరికీ అందరితో ఉండె. అది గాదు. గట్టిది?"

"ఇదే గట్టిది."

"నా ఏడుపేనా?"

"నీ ఏడుపే."

"అంతేనా?"

"అంతే."

ఆమె రెండు చేతులూ నేలకు ఆనించి, ఎత్తైన చోట నుంచి దిగినదానిలా కాసేపు అట్లాగే కూర్చుంది. అందుకే ఎవరూ చెప్పలేదన్నమాట. ఆమె మాటతోనే ఆమె మొగుడు జైలుకు పోయాడని ఆమెకు ఎవరు చెబుతారు? చెప్పకుండా దాచి కాపాడామనుకున్నారు. దాచిందాన్ని ఆమె మొగుడి మీద అనుమానంగా పెంచుకుంది.

"ఆ పొద్దు మాపటేళ ఆయన తడిగుడ్డలతో ఇంటికొచ్చినాడు" అంది, మాతో కాదు, నేలతో చెబుతున్నట్టు. "ఎందుకు తడిసినాయి అని నేను అడగలా. మర్నాడు బావిలో శవం. ఇంగ అడిగేదానికి నోరు రాలా. యాభై ఏండ్లు ఆ తడిగుడ్డలే నా కండ్ల ముందర." ఉన్నట్టుండి తలెత్తింది. "అయివోరా, దుర్యోధనుడు పడినాక ఏషగాళ్లకు మైల గదా? తలకు పోసుకోకుండా ఇంటికి రాకూడదు గదా?"

"అవును. మాపటికి గుడి పనులన్నీ అయ్యాక అందరూ చెరువులో మునిగే ఇంటికి వస్తారు."

"పాండవుల ఏషగాళ్లు అయిదుగురూ తడిగుడ్డలతోనే పోయి ఉంటారు ఇండ్లకు. ఆ మాట నాకు తెలీక గాదు. నేను నా మొగుడి గుడ్డలు మాత్రమే చూస్తిని."

నిర్మలమ్మ లేచి వచ్చి ఆమె పక్కన నేల మీద కూర్చుంది. మునిరామయ్య కింది నుంచి సోడా తెప్పించాడు. మునెమ్మ ఒక గుక్క తాగి, ముక్కులోకి ఘాటెక్కి దగ్గి, "ఇదేం నీళ్లప్పా, కరస్తా ఉండాయి" అంది. గదిలో గాలి కొంచెం ఆడింది.

ఏకాంబరం నన్ను కిటికీ దగ్గరకు పిలిచి గొంతు తగ్గించాడు. "సార్, సాక్ష్యం లేదంటే చెయ్యలేదని గాదు. మీకు తెలుసు గదా."

"తెలుసు. ఆ మాట ఆమెతో అనకండి."

"నేనేమన్నా పిచ్చోణ్ణా? ముప్పై ఏండ్లు ఉద్యోగం చేసినా. లేని సాక్ష్యాన్ని మోసేవోళ్లను చూసినా. దించుకోనీ."

ఆ సరికి పెంచలయ్య మునెమ్మ ముందుకు వచ్చి నిలబడ్డాడు. "అమ్మా, నన్ను తిట్టండి. మీ ఊరికి రాకుండా తీసినాను. మా గూడూరు నిమ్మతోటల్లో మావోళ్లని పెట్టి తీసినాను. కాయితం చాలనుకున్నాను."

"నిన్ను తిట్టేదెందుకు నాయనా? నువ్వు తియ్యకపోతే నాకు ఈ కాయితం ఎవురు చదివి చెప్తారు?"

"అసలు అది ఎట్లా ఉంటుందమ్మా? గాంధారి ఏడుపు?"

ఆమె గది చుట్టూ చూసింది. మూలలో మునిరామయ్య అంగడి ఊడ్చే పొరక ఉంది. లేచి దాన్ని తీసుకుంది. "భీముడెవురు?"

ఏకాంబరం చొక్కా చేతులు పైకి మడిచాడు.

"రా అవ్వా. పోలీసోళ్ల తరపున నాకు రెండు పడాల్సిందే."

నాలుగు కుర్చీలు జరిపాం. మునెమ్మ పొరకను కళ్లకద్దుకుంది. రాగం ఎత్తుకుంది. మొదటి దెబ్బ మెత్తగానే పడింది. మూడో దెబ్బకు ఏకాంబరం నిజంగానే వెనక్కి జరిగాడు. ఆమె తరిమింది. అరవై ఏడేళ్ల రిటైర్డు ఇన్‌స్పెక్టరు వీడియో అంగట్లో టీవీ చుట్టూ పరుగెత్తాడు. తెర మీద చూసిన ఏడుపుకూ దీనికీ పోలిక లేదు. తెర మీది పిల్ల మొగుడి మీద కోపంతో ఏడ్చింది. ఈమె ఏడుపులో కోపం ఉంది, పాట ఉంది, మొక్కు ఉంది, వేళాకోళం కూడా ఉంది. చూసేవాడికి వీపు చూపించాలనిపిస్తుంది. మండీ నుంచి మూటలు మోసేవాళ్లు ఇద్దరు మెట్లెక్కి వచ్చి, ఇదేదో తెలిసిన వ్యవహారమే అన్నట్టు, గడప దగ్గరే వంగి వీపులు చూపించారు. ఆమె వాళ్లకూ చెరొకటి వేసింది.

పొరక పక్కన పెట్టి ఆయాసపడుతుంటే నిర్మలమ్మ పైటచెంగుతో విసిరింది.

"దీన్ని పోటీ నుంచి తీసేయండి సార్" అన్నాడు పెంచలయ్య నాతో.

"తీసెయ్యొద్దు నాయనా, సరిజెయ్యి" అంది మునెమ్మ. "భారతం పెట్టు. నా ఏడుపు తెగ్గొట్టకుండా మొత్తం పెట్టు."

"పెడితే చంపిందెవరో తెలియదు గదమ్మా. నాటకం యాడ ముగించేది?"

"యాభై ఏండ్లు నాకు ముగియలా. నీకు గంట ముగియకపోతే కొంపలేం మునగవు."

నిర్మలమ్మ తన కాగితం చూసుకుంది. నటన గడిలో ఇరవై నాలుగు వేసి ఉంది. దాన్ని కొట్టెయ్యలేదు. "ఆ పిల్ల ఏం తప్పు చేసిందండీ? ఇచ్చిన మాటలు ఇచ్చినట్టు గుండెతో చెప్పింది" అంది. కథ గడిని మాత్రం ఖాళీగా వదిలేసింది. ఏకాంబరం తన అయిదో గడిలో 'కొట్టివేయడమైనది' అని రాసి సంతకం పెట్టాడు. నేను ఏ గడిలోనూ ఏమీ రాయలేదు. 'భారతం ఏదీ?' అన్న ప్రశ్న ఒక్కటే ఉంది కాగితం మీద. ఆ ప్రశ్న గట్టిగా అడగాల్సిన వాణ్ణి నేనే కదా, పక్క ఊరివాణ్ణి, చరిత్ర చెప్పినవాణ్ణి. మార్కులు పోతాయని రాసుకున్నానే గానీ ఒక మనిషి హంతకుడైపోతాడని అనుకోలేదు.

బహుమతి పాకాల ట్రంకు పెట్టెకే ఇచ్చాం. పెంచలయ్య తన క్యాసెట్టు సంచిలో వేసుకుని, వచ్చే ఏడు భారతానికి కెమెరాతో వస్తానని మునెమ్మకు దండం పెట్టి పోయాడు. రావడం మంచిదే. రాకపోయినా, ఆ నాటకం ఏ ఇంట్లోనూ వెలగకుండా ఆగింది.

ఆమెను బస్టాండు దాకా నేను తీసుకుపోయాను. రిక్షా ఎక్కమంటే ఎక్కలేదు, నడుస్తానంది. దారిలో చాలా తేలిగ్గా మాట్లాడింది. భర్త వేషం కట్టిన దినాల్లో ఎంత తిండి తినేవాడో చెప్పింది. భీముడని చెప్పి ఇండ్లల్లో పిలిచి పెడతా ఉండిరంట, వద్దనేవాడు కాదంట. జైలు నుంచి వచ్చాక మళ్లీ గద పట్టుకోలేదంట. ఆయన పేరు కుప్పయ్య అని రెండు మూడు సార్లు బయటికే అంది. పాతకాలపు ఆడవాళ్లు మొగుడి పేరు ఎత్తరు.

వడమాలపేట మీదుగా పోయే బస్సు కదలడానికి ఇంకా వ్యవధి ఉంది. కిటికీ పక్కన కూర్చోబెట్టి నేను కింద నిలబడ్డాను. ఆమె కిటికీలోంచి వంగింది.

"అయివోరా, చిన్నబ్బ ఎట్లాంటోడో నీకు తెలుసునా?"

"నేను పిల్లవాణ్ణి గదమ్మా. కిరీటం పెట్టుకున్నప్పుడు చూశాను, అంతే."

"మంచి బిడ్డ. నన్ను వదినా అని పిలస్తా ఉండె. మిట్ట మీద నేను ఏడ్చేటప్పుడు పక్కన నిలబడుకోని, కొట్టు వదినా, గట్టిగా కొట్టు, నాకోసరం గూడా రెండెయ్యి అని నవ్వతా ఉండె." ఆమె కిటికీ కమ్మీ పట్టుకుంది. "ఆ బిడ్డ సచ్చిపోయినాడు అయివోరా. ఇరవై రెండేండ్లకే. మట్టిబొమ్మకు ఏడిస్తి గానీ ఆ బిడ్డకు నేను ఏడవలా. శవాన్ని వాకిట్లో ఎత్తుకోని పోతా ఉంటే తలుపు సందులోంచి మా ఆయన మొహమే చూస్తా ఉంటి."

బస్సు కదిలింది. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకోలేదు. రాగం లేకుండా, మాటలు లేకుండా, ఇంట్లో ఇప్పుడే ఎవరో పోయినట్టు ఏడుస్తూ ఉంది. ముందు సీట్లో కూర్చున్నామె వెనక్కి తిరిగి, "ఎవురు పోయినారు పెద్దమ్మా?" అని అడగడం కిటికీలోంచి వినిపించింది.

"మా మరిది" అంది మునెమ్మ.